గుడ్ సిగ్నేచర్ అంటూనే వార్నింగ్ ఇస్తోంది, ఈ కీని నమ్మొచ్చా?

తెనాలి_ల్యాబ్ (ప్రశ్న), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మా దగ్గర 14 పాత సిస్టములున్నాయి, అన్నీ విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు అయిపోయింది. ఈ మిషన్లకు విండోస్ 11 ఎక్కదు. కొత్తవి కొనే డబ్బు కాలేజీకి లేదు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేద్దామని ప్రిన్సిపాల్ గారికి వారం రోజులు చెప్పి ఒప్పించాను.

నిన్న రాత్రి మింట్ 22.2 సిన్నమన్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దించాను. దానితోపాటు హ్యాష్‌లు, అంటే ఫైలు ఏమాత్రం మారినా మారిపోయే గుర్తులు, ఉండే టెక్స్ట్ ఫైలు, దాని మీది సంతకం ఫైలు కూడా తెచ్చుకున్నాను. హ్యాష్ చూడటం నాకు ముందే తెలుసు, సంతకం సరిచూడటం ఇదే మొదటిసారి. సైట్లో చెప్పినట్టే ఉబుంటు (మింట్‌కు ఆధారమైన లినక్స్) కీ సర్వర్ నుంచి మింట్ వాళ్ల పబ్లిక్ కీ తెచ్చి, సంతకాలు సరిచూసే జీపీజీ ప్రోగ్రాంతో వెరిఫై కొట్టాను. 'గుడ్ సిగ్నేచర్ ఫ్రమ్ లినక్స్ మింట్ ఐఎస్ఓ సైనింగ్ కీ' అని వచ్చింది. సంతోషించేలోపే కింద 'వార్నింగ్: దిస్ కీ ఈజ్ నాట్ సర్టిఫైడ్ విత్ ఎ ట్రస్టెడ్ సిగ్నేచర్!' అని కనబడింది. ఈ సంతకం అసలు యజమానిదే అనడానికి ఆధారం లేదని ఇంకో లైను.

మింట్ వాళ్ల గైడులో చూస్తే ఈ వార్నింగ్ రావడం మామూలే అని రాసి ఉంది. నాకు అక్కడే అనుమానం పట్టుకుంది. ఐఎస్ఓ ఆ సైటే ఇచ్చింది, హ్యాష్ ఆ సైటే ఇచ్చింది, ఏ కీ తెచ్చుకోవాలో ఆ సైటే చెప్పింది, వార్నింగ్‌ను పట్టించుకోవద్దనీ ఆ సైటే చెబుతోంది. రేపు ఎవడైనా ఆ సైటులో దూరి అన్నీ మార్చేస్తే నేను చేసిన ఈ పరీక్ష ఎందుకు పనికొస్తుంది?

యూట్యూబులో ఒకాయన కీ ట్రస్టును 5 చేసేస్తే వార్నింగ్ పోతుందని చూపించాడు. చేయమంటారా? గుంటూరు నుంచి మా స్నేహితుడు ఇదే ఐఎస్ఓ పెన్‌డ్రైవులో ఇచ్చాడు, అదైనా వాడుకోవచ్చా?

ఇంత చాదస్తం ఎందుకంటారేమో. మా పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పరీక్ష ఫీజులు ఈ మిషన్ల మీదే కడతారు. వాళ్లలో సగం మందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. వాళ్ల బ్యాంకు పాస్‌వర్డులు పడేది ఇక్కడే.

—

హనుమకొండ_నెట్‌సెంటర్, శనివారం రాత్రి 10:15

అన్నా, మీరు చెప్పింది చూస్తే నాకు ఆధార్ పీడీఎఫ్ యాదికొచ్చింది. నేను నెట్ సెంటర్ నడిపిస్త. రోజుకు పది మందికి ఈ-ఆధార్ తీసిస్త. ఆ పీడీఎఫ్ తెరవంగనే కింద పసుపుపచ్చ ప్రశ్న గుర్తు, 'వ్యాలిడిటీ అన్‌నోన్' అని ఉంటది. జనం భయపడతరు, నకిలీదా అని అడుగుతరు. సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి, సర్టిఫికెట్ చూపించు అని, లోపల సీసీఏ ఇండియా అన్న పేరును నమ్మదగిన వాటిలో చేర్చి మళ్ల వ్యాలిడేట్ కొడితే పచ్చ టిక్ పడతది. ఆ టిక్ ఉంటేనే తీసుకునే ఆఫీసులు కొన్ని ఉన్నయి.

ఇన్నేండ్లుగ పచ్చ టిక్ తెప్పించుడే పని అనుకున్న. ఆ సర్టిఫికెట్ నిజంగ సీసీఏ వాళ్లదేనా అని నేను ఒక్కసారి కూడ చూడలే. మీ ప్రశ్న చదివినంక అదే ఆలోచిస్తున్న. తెలిసినోళ్లు చెప్పుండ్రి, నేను కూడ నేర్చుకుంట.

—

నైట్‌డ్యూటీ_అడ్మిన్, ఆదివారం తెల్లవారుజామున 1:20

తమ్ముడూ, మీ అనుమానం చాదస్తం కాదు. సంతకాలు సరిచూసేవాళ్లలో ఎక్కువమంది ఆ ప్రశ్న దాకా రారు. హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకుంటూ పంతొమ్మిదేళ్లు గడిపాను, నేను కూడా చాలా ఆలస్యంగా వచ్చాను అక్కడికి.

ముందు ఆ వార్నింగ్ ఏమంటోందో చూద్దాం. బ్యాంకులో చెక్కు ఇస్తే క్లర్కు ఏం చేస్తారు? ఖాతా తెరిచిన రోజు మీ చేత పెట్టించుకున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తారు. ఒకడు చెక్కు తెచ్చి, 'ఇదిగోనండీ నమూనా సంతకం కార్డు కూడా నేనే తెచ్చాను, పోల్చుకోండి' అన్నాడనుకోండి. రెండూ అచ్చుగుద్దినట్టు సరిపోతాయి. సరిపోతే ఏంటి? జీపీజీ మీకు చెబుతున్నది అదే. చెక్కు మీది సంతకం, కార్డు మీది సంతకం ఒకటే, ఇది గుడ్ సిగ్నేచర్. ఆ కార్డును నీకు ఎవరు తెచ్చిచ్చారో నాకు తెలియదు, ఇది వార్నింగ్. రెండూ నిజాలే. మొదటిది లెక్క, కంప్యూటర్ చేస్తుంది. రెండోది మీరు చేయాల్సిన పని.

మీరు భయపడినట్టు జరిగింది కూడా. 2016 ఫిబ్రవరి 20న మింట్ సైటులోనే దూరారు. 17.3 సిన్నమన్ డౌన్‌లోడ్ లింకును మార్చి, లోపల సునామీ అనే దొంగ ప్రోగ్రాం కలిపిన ఐఎస్ఓకు మళ్లించారు. సైటులో ఉన్న హ్యాష్‌ను కూడా తనే మార్చానని ఆ దాడి చేసినవాడు తర్వాత ఒక విలేకరికి చెప్పాడు. అంటే ఆ రోజు సైటులో హ్యాష్ చూసి, పోల్చి, 'సరిపోయింది' అనుకున్నవాళ్లకూ రక్షణ లేదు. మింట్ వాళ్లు దాచకుండా మర్నాడే బయటపెట్టారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. మీరు వాడుతున్న సంతకం ఫైలు విలువ అక్కడే ఉంది. సైటులో దూరినవాడు ఏ ఫైలైనా మార్చగలడు, కానీ సంతకం చేసే ప్రైవేట్ కీ వెబ్ సర్వర్ మీద ఉండదు. కాబట్టి వాడు కొత్త సంతకం పెట్టాలంటే కొత్త కీ తేవాలి. అసలు కీ మీ చేతిలో ముందే ఉంటే వాడు దొరికిపోతాడు. మీ చేతిలో లేకపోతే, వాడు ఇచ్చిన కీతో వాడి సంతకాన్నే సరిచూసి గుడ్ అనుకుంటారు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నాలుగేళ్ల కిందట నేను చేరిన ఒక కంపెనీలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కోసం ఒక స్క్రిప్టు ఉండేది. ప్రతి ఆదివారం రాత్రి అమ్మినవాళ్ల సైటు నుంచి కొత్త వెర్షన్ దించేది, అదే సైటు నుంచి కీ దించేది, సరిచూసేది, గుడ్ అని వస్తే అరవై సర్వర్లలో వేసేది. ఒక సోమవారం పొద్దున కాఫీ తాగుతూ లాగ్ చూస్తున్నాను. ఎప్పట్లాగే గుడ్ సిగ్నేచర్. కింద ఫింగర్‌ప్రింట్, అంటే ఒక కీని గుర్తుపట్టే నలభై అక్షరాల ముద్ర, మాత్రం ఎప్పుడూ చూసేది కాదు. నాకు కడుపులో చల్లగా అయింది. ఎందుకంటే స్క్రిప్టు ఒక్క ముక్క అడగలేదు. కీ మారిపోయింది, అది దించుకుంది, గుడ్ అంది, అరవై సర్వర్లలో వేసేసింది.

స్క్రిప్టు ఆపేసి వాళ్లకు ఫోన్ చేశాను. నంబరు వాళ్ల సైటులోంచి తీసుకోలేదు, ఫైలు బీరువాలో ఉన్న కాంట్రాక్టు కాగితం మీదిది చూసి చేశాను. ఫోన్ ఎత్తిన పిల్లకు ఫింగర్‌ప్రింట్ అంటే ఏంటో తెలియదు. మూడో రోజు వాళ్ల ఇంజనీరు ఒకాయన తిరిగి చేశారు. ఆయన నాలుగేసి అక్షరాలు చదవడం, నేను ప్రింటు తీసిన కాగితం మీద పెన్సిలుతో టిక్కు పెట్టడం. పది గుంపులు, నలభై అక్షరాలు. ఏడో గుంపు దగ్గర లైను సరిగా వినబడక మళ్లీ మొదటి నుంచి చదివించాను. అన్నీ సరిపోయాయి. పాత కీ గడువు తీరిపోయి వాళ్లే కొత్తది చేసుకున్నారట, ఎవరికీ చెప్పలేదు. నష్టమేమీ జరగలేదు. కానీ నేను చేరకముందు నుంచీ, మూడేళ్లపాటు ప్రతి ఆదివారం ఆ స్క్రిప్టు ఏమీ సరిచూడలేదన్నది మాత్రం నిజం. ఇప్పుడు కీ మా సర్వర్ మీదే ఉంటుంది, నలభై అక్షరాలు స్క్రిప్టులో రాసి ఉంటాయి, ఒక్కటి తేడా వచ్చినా ఆగిపోతుంది.

ఇక మీ పని. మింట్ కీ ఫింగర్‌ప్రింట్ 27డీఈతో మొదలై ఏఈ09తో ముగుస్తుంది. నేను చెప్పానని మాత్రం నమ్మకండి, నేనెవరో మీకు తెలియదు. ఐఎస్ఓ వచ్చిన దారి కాకుండా వేరే దారుల్లో వెళ్లి ఆ నలభై అక్షరాలు చూడండి. మింట్ ఇన్‌స్టలేషన్ గైడు రీడ్ ద డాక్స్ అనే వేరే చోట నడుస్తుంది, మింట్ వెబ్ సర్వర్‌లో దూరినవాడికి అది అందదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ గైడు పాత కాపీలు దొరుకుతాయి, కొన్నేళ్ల కిందటిది తీయండి. ఇవాళ దూరినవాడు అప్పటి కాపీని మార్చలేడు. కాలేజీ నెట్ ఒకసారి, ఫోన్ డేటా ఒకసారి వాడండి. మీకు తెలిసినవాళ్లలో మింట్ చాలాకాలంగా వాడుతున్నవాళ్లుంటే వాళ్ల దగ్గరున్న కీ ఫింగర్‌ప్రింట్ ఫోన్లో చదవమనండి. ఇన్ని దారుల్నీ ఒకేసారి పాడుచేయడం ఒకడి వల్ల అయ్యే పని కాదు. ఈ కష్టమంతా ఒక్కసారే. వచ్చే ఏడాది కొత్త వెర్షన్‌కు ఇదే కీ మీ దగ్గర ఉంటుంది. అప్పుడు కీ మారితే మాత్రం ఎందుకు మారిందో కనుక్కునేదాకా ఆగండి. మంచి ప్రాజెక్టులు కొత్త కీ మీద పాత కీతో సంతకం పెట్టి ఇస్తాయి.

ఉబుంటు కీ సర్వర్ నుంచి తెచ్చారు కాబట్టి ఉబుంటు వాళ్లు పూచీ పడ్డారని అనుకోకండి. అది నోటీసు బోర్డు లాంటిది. ఎవరైనా ఏ పేరుతోనైనా కీ చేసి అక్కడ అంటించొచ్చు, 'లినక్స్ మింట్' అన్న పేరుతో కూడా. పేరు చూడొద్దు, చివరి 8 అక్షరాలు చూసి వదిలేయొద్దు. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కీ చివరి ఎనిమిది 00411886. సరిగ్గా అవే ఎనిమిదితో, ఆయన పేరుతోనే ఒక దొంగ కీ 2016లో కీ సర్వర్లలో బయటపడింది. ఎనిమిది అక్షరాలు కలిసేలా కీ తయారుచేయడం గ్రాఫిక్స్ కార్డుకు సెకన్ల పని. నలభై మొత్తం చూడాల్సిందే.

ట్రస్టు 5 వద్దు. ఆ వీడియో చూసి ఎంతమంది చేశారో తలచుకుంటే బాధేస్తుంది. 5 అంటే అల్టిమేట్, అది మీ సొంత కీకి మాత్రమే. ఇంకొకరి కీకి అది ఇస్తే, ఆ కీ ఎవరి మీద సంతకం పెడితే వాళ్లందరినీ మీ కంప్యూటర్ నమ్మేస్తుంది. మీకంటూ ఒక కీ చేసుకుని, నలభై అక్షరాలూ సరిచూశాక మింట్ కీ మీద లోకల్‌గా సంతకం పెట్టండి, జీపీజీలో ఎల్‌సైన్ అంటారు. అది మీ మిషన్ దాటి బయటకు పోదు. వార్నింగ్ కూడా పోతుంది.

ఒకటి మర్చిపోయేలా ఉన్నాను. సంతకం ఉన్నది హ్యాష్‌లున్న టెక్స్ట్ ఫైలు మీద, ఐఎస్ఓ మీద కాదు. గుడ్ అని రాగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఐఎస్ఓ హ్యాష్‌ను ఆ ఫైలుతో పోల్చే షా256సమ్ చెక్ తప్పకుండా కొట్టండి. అది సరిపోతే ఐఎస్ఓ ఏ మిర్రర్ (అవే ఫైళ్ల కాపీలు పెట్టే వేరే సైటు) నుంచి వచ్చినా, గుంటూరు పెన్‌డ్రైవులో వచ్చినా ఒకటే.

—

డెబియన్_రాజమండ్రి, ఆదివారం ఉదయం 8:05

నైట్‌డ్యూటీ అక్క చెప్పిన దాంట్లో ఒక దారి కలుపుతాను. ల్యాబులో గానీ ఇంట్లో గానీ ఎప్పటినుంచో నడుస్తున్న ఉబుంటు మిషన్ ఉంటే, ఉబుంటు ఐఎస్ఓల మీద సంతకం పెట్టే కీ అందులో ముందే ఉంటుంది, ఉబుంటు కీరింగ్ ప్యాకేజీతోపాటు వచ్చేస్తుంది. నిన్న నమ్మి వాడిన మిషనే ఇవాళ కొత్త ఐఎస్ఓకు సాక్షి అన్నమాట. మొదటి అడుగు ఒకటి సరిగా పడితే తర్వాతవి దాని వెంట వస్తాయి.

ఆ మొదటి అడుగు మనుషుల మధ్య ఎలా పడుతుందో నేను కొచ్చిలో చూశాను. 2023 సెప్టెంబరులో డెబియన్ (ఇంకో లినక్స్) వాళ్ల సభ, డెబ్‌కాన్ఫ్, అక్కడ జరిగింది. నా ఫింగర్‌ప్రింట్ చిన్న చీటీల మీద ప్రింటు తీసి జేబులో పెట్టుకెళ్లాను. భోజనాల దగ్గర ఒక డెవలపర్‌తో మాట కలిసింది. ఆయన నా పాస్‌పోర్టు తీసుకుని, ఫొటో చూసి, నా మొహం చూసి, చీటీ మీది పేరు అక్షరం అక్షరం చూశారు. నేను ఆయన చీటీ అలాగే చూశాను. అక్కడ ఎవరూ సంతకాలు పెట్టలేదు. ఇంటికొచ్చాక చీటీ పక్కన పెట్టుకుని, స్క్రీను మీది నలభై అక్షరాలూ పోల్చి, అప్పుడు ఆయన కీ మీద సంతకం చేశాను. రిజిస్ట్రారాఫీసులో సాక్షి సంతకం పెట్టేముందు ఉండే జంకు అప్పుడు కలిగింది. నా పేరు మీద ఇంకొకరు ఆయన్ని నమ్ముతారు కదా.

2011లో లినక్స్ కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) ఉండే కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలో ఎవరో దూరాక కెర్నల్ డెవలపర్లు ఇలాగే ఒకరి కీ మీద ఒకరు సంతకాలు చేసుకుని నమ్మకాన్ని మళ్లీ కట్టుకున్నారు.

—

పుణె_కోడర్, ఆదివారం ఉదయం 11:30

ఇదంతా బానే ఉంది గానీ, ఎక్స్‌జడ్ సంగతేంటి, ఫైళ్లు కుదించే ఆ ప్రోగ్రాంలో ఒక నిర్వాహకుడే దొంగ కోడ్ కలిపాడు కదా? ఆ ఫైళ్ల మీద సంతకం అసలైనదే. కీ అసలైనదే. మనిషే దొంగ. అప్పుడు ఈ నలభై అక్షరాలు ఏం కాపాడాయి?

—

నైట్‌డ్యూటీ_అడ్మిన్, ఆదివారం మధ్యాహ్నం 2:10

కాపాడలేదు. మీరన్నది నిజం. ఎక్స్‌జడ్ 5.6.0, 5.6.1 టార్ ఫైళ్ల మీద సంతకం పెట్టింది ఆ ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరైన జియా టాన్ అనే పేరుగల వ్యక్తి. నిర్వాహకుడిగా అతను సంపాదించుకున్న నమ్మకం మీదే ఆ ఫైళ్లు బయటకొచ్చాయి. దాన్ని పట్టుకున్నది సంతకం కాదు, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆయనకు అనుమానం వచ్చింది, తవ్వుకుంటూ వెళ్లి 2024 మార్చి 29న లోకానికి చెప్పారు.

నమూనా సంతకం కార్డు 'ఈ చెక్కు ఫలానా ఆయనే రాశాడు' అని చెబుతుంది. ఆయన మంచివాడా కాదా అన్నది కార్డులో ఉండదు. అది తెలియడానికి వేరే మార్గాలు కావాలి, వాటిలో ఒకటి కాలం. ఆ రెండు వెర్షన్లూ డెబియన్ స్టేబుల్‌కు (పరీక్షలన్నీ అయ్యాక అందరికీ ఇచ్చే వెర్షన్‌కు) చేరలేదు. టెస్టింగ్ లాంటి ముందు వరుసల్లోనే ఉండగా దొరికిపోయాయి. అందుకే కాలేజీ ల్యాబుకు నేను ఎప్పుడూ కొన్నాళ్లు నలిగిన వెర్షన్ వేయమంటాను. మింట్ ఆ పద్ధతిలోదే, ఉబుంటు దీర్ఘకాల సపోర్టు వెర్షన్ మీద కడతారు.

అలాగని సంతకం చూడటం మానేస్తే మనల్ని మోసం చేయడానికి జియా టాన్ లాంటి వాడొక్కడే కాదు, ఏ మిర్రర్ నడిపేవాడైనా, ఏ వైఫై పెట్టినవాడైనా సరిపోతాడు. ఎక్స్‌జడ్ కోసం వాళ్లు రెండేళ్లకు పైగా కష్టపడాల్సి వచ్చింది. మన తలుపు తీసి ఉంటే ఒక మధ్యాహ్నం చాలు.

హనుమకొండ తమ్ముడూ, మీ సీసీఏ ఇండియా ప్రశ్నకు కూడా జవాబు ఇదే. సీసీఏ మన దేశంలో డిజిటల్ సర్టిఫికెట్లకు మూలం, ఐటీ చట్టం కింద ఏర్పడిన ఆఫీసు. వాళ్ల మూల సర్టిఫికెట్లు వాళ్ల సైటులోనే ఉంటాయి. ఒకసారి తీసి, ఫింగర్‌ప్రింట్ ప్రింటు తీసుకుని, పీడీఎఫ్ చూపించే దానితో పోల్చండి. ఆ తర్వాత చేర్చండి. ఆ ఒక్క సిస్టమ్‌లో ఇక రోజూ చూడక్కర్లేదు.

—

హనుమకొండ_నెట్‌సెంటర్, ఆదివారం సాయంత్రం 5:45

చేసిన అక్కా. రెండూ సరిపోయినయి. ఒక్కసారి చూసుకున్నంక ధైర్యంగ ఉంది. కాగితం గోడకు అంటించిన, మా తమ్ముడు కూర్చునే సిస్టమ్‌లో కూడ వాడితోనే పోల్పించిన.

—

తెనాలి_ల్యాబ్, మంగళవారం రాత్రి 8:50

అక్కా, అందరికీ ధన్యవాదాలు. చేసింది చెబుతాను.

ఫైనలియర్ అమ్మాయి ఒకామెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆమె తన ఫోన్ డేటాతో ఆర్కైవ్‌లో గైడు పాత కాపీ తీసి చదివింది, నేను స్క్రీను మీదిది చూస్తూ కాగితం మీద టిక్కులు పెట్టాను. తర్వాత రీడ్ ద డాక్స్ పేజీ కాలేజీ నెట్ మీద. మూడోది మా పిన్ని కొడుకు బెంగళూరులో చాలా ఏళ్లుగా మింట్ వాడుతున్నాడు, అతని దగ్గరున్న కీ ఫోన్లో చదివించాను. మూడుసార్లూ నలభైకి నలభై కలిశాయి. చదివిన అమ్మాయి తనకీ ఒక కీ చేసి పెట్టమని అడిగింది, చేసుకోవడం నేర్పించాను. నా కీతో మింట్ కీ మీద ఎల్‌సైన్ పెట్టాను. మళ్లీ వెరిఫై కొడితే వార్నింగ్ లేదు, గుడ్ ఒక్కటే వచ్చింది. ట్రస్టు 5 ముట్టుకోలేదు.

షా256 చెక్‌లో నేను దించిన ఐఎస్ఓ ఓకే అంది. గుంటూరు పెన్‌డ్రైవులోది ఫెయిల్డ్ అంది. గుండె ఆగినంత పనైంది. సైజు చూస్తే నా దానికంటే తక్కువ ఉంది. అతనికి ఫోన్ చేస్తే కాపీ అవుతుండగా కరెంటు పోయిందట, పెన్‌డ్రైవ్ అలాగే పీకి ఇచ్చేశాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలు హ్యాష్ తీసి పంపమంటే అది సరిపోయింది. పెన్‌డ్రైవులోది తుడిచేశాను.

ఫింగర్‌ప్రింట్‌ను ల్యాబ్ స్టాకు రిజిస్టరు మొదటి పేజీలో, ఏ తేదీన ఏ మూడు చోట్ల చూశామో కూడా రాసి, నేనూ ఆ అమ్మాయీ సంతకాలు పెట్టాం. నా తర్వాత ఈ ల్యాబు చూసేవాళ్లకు అక్కడ దొరుకుతుంది.

14లో ఆరింటికి మింట్ ఎక్కింది, ప్రింటరు కూడా పట్టుకుంది. తొమ్మిదో నంబరు సిస్టమ్ మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వడం లేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఏముందో రేపు పొద్దున చూసి, దానికి వేరే ప్రశ్న పెడతాను.